పాత జీపునకు ఇంజను నెన్నుకొనుట

యంత్రములయెడ ప్రీతి గల బాలురు మన పాఠశాలలో పెక్కుమంది కలరు. ఏ కారునకు ఎన్ని గుఱ్ఱముల బలమో, ఏది ఎంత వేగముగఁ బోవునో వారు నోటిలెక్కగఁ జెప్పఁగలరు. అయితే ఒక ఇంజను దేనికిఁ దగినదియు, ఏ బండిలో ఇముడునదియు, ఎవరి సంపాదనకు లోఁబడునదియు నని యడుగువారు కొలఁదిమంది. 2023వ సంవత్సరము వేసవిలో మా కుటుంబమునకు ఈ ప్రశ్న నిజముగనే యెదురై, డబ్బుతో జవాబు చెప్పవలసి వచ్చెను. మేము చేసిన లెక్కలు పై తరగతుల విద్యార్థులకును, పాత బండ్లు గల తలిదండ్రులకును ఉపయోగపడునని తలంచి వానినిచట వ్రాయుచున్నాను.

భద్రాచలమునుండి దుమ్ముగూడెము పోవు దారిలో మా అన్నయ్య మిరప సేద్యము చేయుచున్నాఁడు. మా తండ్రిగారు కొనిన మహీంద్రా జీపు ఆయన యొద్దనే యున్నది. అది 1970వ దశకమునాఁటిది, పెట్రోలుతో నడచునది. మిరపకాయల బస్తాలను మోయుటయే గాక, అడవి పల్లెలలోని కోయవారికి జబ్బుచేసినపుడు వారిని భద్రాచలము ఆసుపత్రికిఁ జేర్చుటకును అదియే ఆధారము. 2022 జూలై మాసమున భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాఁటెను. 1986లో వచ్చిన 75.6 అడుగుల వఱద తరువాత అంతటి నీరు వచ్చుట అదియే. ఆ దినములలో ముసలివారిని, బాలెంతలను మెట్టకుఁ జేర్చినది ఈ జీపే. మఱుసటి వేసవిలో దాని ఇంజను బ్లాకు పగిలి, నూనెలో నీరు కలిసెను. అతుకు నిలువదని మేస్త్రి చెప్పెను.

అన్నయ్య చేతిలోనున్న సొమ్ము 1,50,000 రూపాయలు. అందులో 70,000 ఆయన కుమార్తె నర్సింగు చదువునకు ఆ యేఁడు కట్టవలసినవి. కావున జీపునకు మిగులునది 80,000 మాత్రమే. ఇంతలో ఇంటిలో మూఁడు మాటలు పుట్టెను. పొరుగూరిలో పాత ట్రాక్టరు ఇంజను చవుకగా వచ్చుచున్నది, దానిని బిగింత మని అన్నయ్య యనెను. ప్యూజో డీజిలు ఇంజను వేసినచో ఆయిలు ఖర్చు తగ్గునని మేస్త్రి యనెను. డిప్లొమా చదువుచున్న మా మేనల్లుడు మాత్రము, “అత్తయ్యా, సీమలో పాత స్పోర్ట్సు కార్లకే ఎనిమిది సిలిండర్ల ఇంజనులు పెట్టుచుండఁగా, మనము ప్రమాదములో చెడిన క్రొత్త బండినుండి టర్బో డీజిలు తెచ్చి పెట్టరాదా?” యని యడిగెను.

వాని మాటనే ముందుగాఁ దీసికొందము. వాఁడు చెప్పిన కారు ఎం.జి.బి. యనునది. ఇద్దరు కూర్చుండుటకు వీలైన యా చిన్న స్పోర్ట్సు కారును 1962లో ఇంగ్లండునందు విడుదల చేసిరి. దాని ఇంజను 1798 ఘన సెంటీమీటర్లది, నాలుగు సిలిండర్లది, పోఁత యినుముతో చేసినది. కొందఱు ప్రియులు దానిని తీసివేసి, రోవరు కంపెనీవారి యెనిమిది సిలిండర్ల ఇంజనును పెట్టఁజొచ్చిరి. 1973లో ఆ కంపెనీవారే అట్టి కారును 3528 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో అమ్మకమునకుఁ దెచ్చిరి. పరిమాణము రమారమి రెండింతలయ్యును ఆ మార్పు చక్కగాఁ గుదురుటకు కారణ మేమి? రోవరు ఇంజను అల్యూమినియముతోఁ జేసినది. ఎనిమిది సిలిండర్లున్నను దాని బరువు పాత యినుప ఇంజను బరువునకు దాదాపు సమానమే. అందుచేత ముందు చక్రములపై బరువు పెరుగలేదు. బండి నడక చెడలేదు.

మన దేశములోను ఇట్టి దృష్టాంతములు గలవు. ఎం.జి.బి. ఇంజనునకును మన అంబాసిడరునందలి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనునకును వంశ మొక్కటే. 1984లో వచ్చిన కాంటెస్సా కారునకు మొదట ఆ చిన్న ఇంజనునే పెట్టిరి. పెద్ద కారునకు అది చాలకపోయెను. కొన్ని సంవత్సరములకు జపాను దేశపు ఇసుజు కంపెనీవారి 1817 ఘన సెంటీమీటర్ల ఇంజను పెట్టిన పిమ్మట ఆ కారు కుదుటఁబడెను. ఎక్కువైనను తక్కువైనను చిక్కే యని దీనివలనఁ దెలియుచున్నది.

ఇఁక మా జీపు సంగతి. అమెరికాలోని విల్లీసు కంపెనీవారి సి.జె.3బి. యను నమూనాననుసరించి మహీంద్రావారు దానిని మన దేశమునఁ జేసిరి. దాని ఇంజను పేరు హరికేను. పరిమాణము 2199 ఘన సెంటీమీటర్లు. విల్లీసువారు ఆ ఇంజనును తమ జీపులోఁ బెట్టినపుడు అది పూర్వపు ఇంజనుకంటె ఎత్తుగా నుండుటచే, మూఁత క్రింద పట్టక, బండి ముక్కునే పైకి లేపవలసి వచ్చెను. ఆ జీపుల ముఖము ఎత్తుగాఁ గనఁబడుటకు కారణమిదియే. చేసినవారికే ఇట్టి చిక్కు కలిగినపుడు మనబోఁటివారము టేపు పట్టి కొలువకుండ ఇంజను కొనరాదు గదా.

ట్రాక్టరు ఇంజను సంగతిని మేనల్లుడును నేనును ప్రయోగముచేతఁ దేల్చితిమి. జీపు వెనుకనున్న క్రౌను చక్రమునకు 43 పండ్లు, పినియనుకు 8 పండ్లు. అనఁగా పై గేరులో చక్ర మొకసారి తిరుగుటకు ఇంజను 5.375 సార్లు తిరుగవలెను. చక్రముమీఁద సుద్దగీఁత గీసి బండిని త్రోయఁగా, ఒక చుట్టునకు అది పోవు దూరము 2.2 మీటర్లని తేలెను. ట్రాక్టరు ఇంజను నిమిషమునకు సుమారు 2000 చుట్లు తిరుగుటకు ఏర్పడినది. రెండువేలను 5.375చే భాగింపఁగా చక్రము నిమిషమునకు 372 చుట్లు తిరుగును. బండి గంటకు 49 కిలోమీటర్లు మాత్రము పోవును. అంతకు మించి తోలిన ఇంజను చెడును. రోగిని ఎక్కించుకొని పోవు బండికి అది చాలదు. పైఁగా ఆ ఇంజను బరువునకు ముందు కమానులు క్రుంగును. చవుక యనుకొన్నది చవుక కాదని అన్నయ్యయే ఒప్పుకొనెను.

టర్బో ఇంజను బలముగలదే. దాని బలమును మూఁడు గేరుల పాత గేరుపెట్టె మోయవలెను గదా. పండ్లు విఱిగిన గేరుపెట్టె, తరువాత ఆక్సిలు, తరువాత బ్రేకులు, ఇట్లు ఒక్కొక్కటి మార్చుచుఁ బోవలయును. ఆ ఇంజనునకు కంప్యూటరు పెట్టెయు, సెన్సారులును, తీఁగల కట్టయు విడువరాని అంగములు. వానిలో నొక్కటి చెడినను అడవి దారిలో బాగుచేయువాఁ డుండఁడు. అంబలి త్రాగువానికి మీసము లెత్తువాఁడొకఁ డన్నట్లు, ఇంజను వెంట ఒక నిపుణుని గూడ పోషింపవలెను.

మిగిలినది ప్యూజో డీజిలు. ఇది ఆలోచింపఁదగినదే. ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ అనుమతితో మహీంద్రావారు మన దేశములోఁ జేసి, తమ జీపులలోనే పెట్టిన ఇంజను ఇది. దాని పేరులోని 4.90 యను సంఖ్యకు 90 మిల్లీమీటర్ల వ్యాసము గల నాలుగు సిలిండర్లని యర్థము. పిస్టను నడక 83 మిల్లీమీటర్లు; లెక్కించి చూచినచో 2112 ఘన సెంటీమీటర్లగునని విద్యార్థులు తామే కనుఁగొనవచ్చును. ఇది ట్రాక్టరు ఇంజనుకంటె చుఱుకుగాఁ దిరుగును. డీజిలునకు నిప్పురవ్వతోఁ బనిలేదు గనుక వాగు దాఁటునపుడు నీరు తగిలి ఆగిపోవు భయమును తక్కువ. అయితే పెట్రోలు ఇంజను గాలిని సుమారు ఏడింతలు నొక్కఁగా, డీజిలు ఇరువది యింతలకు మించి నొక్కును. అందుచే పెద్ద బ్యాటరీ, బలమైన స్టార్టరు, క్రొత్త ఆధారములు, వేఱు ఆయిలు గొట్టములు కావలెను. అన్నిటితోఁ గలిపి మేస్త్రి చెప్పిన ఖర్చు 1,28,000. పాత రకము పెట్రోలు ఇంజనే మఱియొకటి తెచ్చి వేసినచో 62,000. భేదము 66,000.

అప్పు చేసియైనను డీజిలే వేయుదము, ఆదాయే అప్పు తీర్చునని అన్నయ్య యనెను. అది లెక్కకుఁ దగిన మాట గనుక లెక్క వేసితిమి. జీపు నెలకు తిరుగునది సుమారు 200 కిలోమీటర్లు. పెట్రోలుమీఁద లీటరునకు 8 కిలోమీటర్ల చొప్పున 25 లీటర్లు. లీటరు 108 రూపాయలుగా 2,700. డీజిలుమీఁద 12 కిలోమీటర్ల చొప్పున పదునాఱున్నర లీటర్లకుఁ గొంచె మెక్కువ. లీటరు 96గా 1,600. నెలకు ఆదా 1,100. అనఁగా 66,000 తిరిగి వచ్చుటకు 60 నెలలు, వడ్డీ లేకుండనే ఐదేండ్లు పట్టును. నర్సింగు రుసుము ఐదేండ్లు ఆగునది కాదు. అదే జీపు నెలకు వేయి కిలోమీటర్లు తిరుగునదైనచో ఒక్క సంవత్సరములో సొమ్ము తిరిగి వచ్చియుండును. అపుడు మేస్త్రి మాటయే మేలగును. కావున మా జవాబు అందఱికిని జవా బని యెంచరాదు. లెక్క మాత్రము అందఱికిని ఒక్కటే.

మఱియొక సంగతిని మఱువరాదు. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను నిషేధించుచున్నది. తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా మార్పరాదని 2019 జనవరిలో సుప్రీము కోర్టును చెప్పెను. ఇంజను మార్చుటకు ముందు రవాణా అధికారి అనుమతి పొంది, క్రొత్త ఇంజను సంఖ్యను నమోదు పత్రములో వ్రాయించుకొనవలెను. అట్లు చేయనిచో ఆపద వేళ భీమా గూడ చిక్కులఁ బడవచ్చును. అదే రకము, అదే ఇంధనము గల ఇంజనైనచో ఈ పని సులువగును.

ఇట్లు అన్నియు విచారించి, విజయవాడ ఆటోనగరునుండి హరికేను ఇంజనే మఱియొకటి బిల్లుతోఁ గొంటిమి. కొనకముందు నాలుగు సిలిండర్లయందును ఒత్తిడిని మీటరుతోఁ గొలిపించితిమి. నాలుగును దాదాపు సమానముగా నుండెను. నూనెలో నీటిజాడ లేదు. ఇంజను పాత ఆధారములమీఁదనే, పాత గేరుపెట్టెకే అతికెను. మిగిలిన 18,000తో బ్రేకులు బాగుచేయించి, ముందు చక్రములకు క్రొత్త టైర్లు వేయించితిమి. రుసుము గడువులోపలనే కట్టఁబడెను. మా మేనకోడలు ఇపుడు ఆ చదువులోనే యున్నది. పెట్రోలు కొట్టించునపుడెల్ల అన్నయ్య నిట్టూర్చుట నిజమే. మేనల్లుఁడు సైతము తన టర్బో ఆశను పూర్తిగా విడువలేదు. అయినను ఆ తరువాత వచ్చిన వానకాలములన్నిట జీపు పిలిచినపుడెల్ల పలికినది.

కావున పాత బండికి ఇంజను మార్చఁదలఁచువారు ఈ వరుసను మనసున నుంచుకొనవలెను. బండి చేయవలసిన పని యేది, నెలకు ఎంత దూరము తిరుగును. ఇంజను బరువును, బలమును, వేగమును మిగిలిన అంగములు భరించునా. మార్పునకు చట్టము సమ్మతించునా. చెడినపుడు దగ్గఱి ఊరి మేస్త్రి బాగుచేయఁగలఁడా. ఇంజను వెలకుఁ జుట్టుపని ఖర్చు కలిపిన మొత్త మెంత. ఈ యైదింటికి జవాబు దొరికిన పిమ్మటనే గుఱ్ఱముల బలమును లెక్కింపుఁడు. పాఠశాలలో నేర్చిన భాగహారము ఇంటి సొమ్మును కాపాడఁగల సాధనమని మా కుటుంబమునకు ఆ వేసవిలోఁ దెలిసినది.