మా మనుమరాలి తూటాలు

తూటాల సంగతి కుటుంబ పత్రికలో యేమిటని మీరు నవ్వుకుంటారేమో. వడ్ల ధర గురించీ, కాలవ నీళ్ల గురించీ వ్రాయవలసిన వాణ్ణే నేను. మాది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన తరువాత, ఎడమ కాలవ కింద భూములు కొనుక్కుని గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబాలలో మాదొకటి. మేము వచ్చేనాటికి రాయచూరు ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ రోజులు ఎరిగినవాళ్లు మన పాఠకులలో ఇంకా కొందరుంటారు.

మా పెద్దవాడి కూతురు బెంగుళూరులో చదువుతున్నది. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి, పాయింట్ టూటూ రైఫిలు పట్టి, పడుకుని కాల్చే పోటీలలోకి దిగింది. మొన్న ఉగాది వెళ్లిన వారానికి ఫోను చేసి, "తాతయ్యా, మంచి తూటాలు కొనుక్కోవాలి, డబ్బు పంపిస్తావా?" అన్నది. ఎంతో చెప్పింది. ఎకరం కోతకూలి అంత ఉన్నది.

"తూటా తూటాయే గదమ్మా, మన దేశంలో చేసినవి దొరకవా?" అన్నాను.

"నీ సోనామసూరీ, రేషను బియ్యమూ ఒకటేనా తాతయ్యా?" అన్నది.

నోరు మూతపడింది. సింధనూరు వాణ్ణి ఆ మాటతో కొడితే ఇంకేమంటాను?

నిజం చెప్పవలెనంటే, డబ్బు కాదు నా బెంగ. ఆ పిచ్చి దానంతట అదే వదిలిపోతే బాగుండునని లోపల అనుకుంటున్నాను. దానికి కారణం ఉన్నది.

మా నాన్నగారు రాయచూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర పాత పాయింట్ టూటూ రైఫిలు కొన్నారు, లైసెన్సు మీదనే. వరి పాలు పోసుకునేటప్పుడు చిలకల గుంపులు పడితే చప్పుడు చేసి తోలడానికి. తూటాల పెట్టెలు వడ్ల గాదె పక్కన, చెమ్మ దిగే గోడకు ఆనుకుని ఉండేవి. ఎన్నేళ్ల నాటివో ఎవరికీ తెలియదు. 1969లో నాకు పదహారేళ్లు. నాన్నగారు ఊరిలో లేని రోజు తుపాకి బయటికి తీశాను. మా తమ్ముడు పదకొండేళ్లవాడు, నా మోచేతి దగ్గరే నిలబడ్డాడు. మీట నొక్కితే టిక్కుమన్నది గాని పేలలేదు. ఒక్క క్షణం ఆగకుండా బోల్టు వెనక్కి లాగాను. తూటా సగం బయటికి వచ్చాక పేలింది. ఇత్తడి ముక్క ఒకటి తమ్ముడి కుడికంటి కింద దిగింది. కన్ను వేలెడు దూరంలో తప్పింది. ఎద్దుబండి మీద సింధనూరు చేరేసరికి రాత్రి అయింది. నాన్నగారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మరునాడే తుపాకి తీసుకుపోయి లైసెన్సు గల దుకాణంలో ఇచ్చివేశారు. మా తమ్ముడి మచ్చ మాత్రం ఇప్పటికీ ఉన్నది. దాని గురించి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు.

కాబట్టి డబ్బు పంపే ముందు ఒకసారి వచ్చి చూస్తానన్నాను. తమ్ముడు తానూ వస్తానన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

రేంజిలో మా మనుమరాలు నాకు పాఠం చెప్పింది. పెద్ద తుపాకుల తూటాకు నిప్పంటుకునే మందు అడుగున నడిమధ్య, చిన్న గిన్నెలో ఉంటుంది. ఈ చిన్న తూటాకు ఆ మందు అడుగంచు మడతలోనే ఉంటుంది. తడిగా వేసి గిర్రున తిప్పితే అంచు చుట్టూ పాకుతుంది. అది ఒకచోట పలచబడితే, సూది అక్కడే తగిలితే, టిక్కు తప్ప చప్పుడుండదు. ఈ పద్ధతి తూటాలు ఫ్రాన్సులో 1845 ప్రాంతాన ఫ్లోబేరు నాటివట. ఇప్పటి రూపం అమెరికాలో స్టీవెన్సు కంపెనీవారు 1887లో తెచ్చారట. అంటే మా తాతగారి కంటే పెద్దది!

సీసపు గుండు బరువు 40 గ్రెయినులు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త పైన. వేగం ఎక్కువైతే మంచిదనుకున్నాను. కాదట. సెకండుకు 380 మీటర్ల వేగంతో బయలుదేరే గుండు, దారిలో ధ్వని వేగం కిందికి దిగేటప్పుడు కుదుపు తింటుంది. పోటీకి వాడేవి మొదటినుంచీ ధ్వని కంటే నెమ్మదిగా, 320 మీటర్లు చొప్పున పోతాయి. 50 మీటర్ల దూరాన పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. మీ చొక్కా గుండీ చూసుకోండి, అంతే. అరవైసార్లు అందులో పెట్టాలి.

ఏ తూటా మంచిదని అడిగితే, "అది నేను చెప్పేది కాదు తాతయ్యా, ఈ గొట్టం చెప్పాలి" అన్నది. ఇంగ్లండు ఈలీ, ఫిన్లండు లాపువా, జర్మనీ ఆర్.డబ్ల్యు.ఎస్. వారి పెట్టెలూ, చవక రకం మరొకటీ వరుసగా పెట్టుకున్నది. ఒకే కంపెనీలో ఒకే పేరుగలవైనా, పెట్టె మీద అచ్చువేసిన లాటు నంబరు మారితే గుణం మారుతుందట. ఒక గొట్టానికి నచ్చినది పక్క గొట్టానికి నచ్చదట. మన వియ్యపురాళ్ల వ్యవహారంలాగే ఉన్నదనుకున్నాను గాని పైకి అనలేదు.

రకం మార్చినప్పుడల్లా ముందు పదిహేను గుండ్లు ఊరికే కాల్చింది. గొట్టంలో పాత తూటా మైనం పోయి కొత్తది పట్టాలట. తరువాత ఐదేసి చొప్పున ఐదు గుంపులు. ఒక గుంపు చక్కగా వస్తే మురిసిపోకూడదట. అన్నింటిలో చెడ్డది ఎంత చెడ్డదో చూడాలట. చిల్లులు నిలువుగా సాగితే తూటా తూటాకూ వేగం తేడా ఉన్నదేమోనని అనుమానించాలి. ఇదంతా నోటుబుక్కులో కొలతలతో వ్రాసుకుంటున్నది. నేను విత్తనాల మొలక శాతం కూడా ఇంత శ్రద్ధగా వ్రాసుకోలేదు.

మూడో రకం, చవకది, కాలుస్తూండగా టిక్కుమన్నది.

నా గుండె జారిపోయింది. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్ల మాత్రం కదలలేదు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి, బోల్టు మీద చెయ్యి వేయకుండా, చెయ్యెత్తి అధికారికి చూపించి, పెదవులతో లెక్కపెట్టుకుంటున్నది. ముప్ఫై సెకండ్లు. తరువాత మొహం పక్కకు పెట్టి మెల్లగా తీసింది. అంచుమీద సూది నొక్కు స్పష్టంగా పడింది. "సూది బాగానే తగిలింది, లోపలి మందుదే లోపం. రకరకాల తూటాలన్నీ ఇలా తప్పితే అప్పుడు సూదినీ, మురికినీ అనుమానించాలి" అన్నది. దానిని పనికిరాని తూటాల డబ్బాలో వేసి, నోటుబుక్కులో ఆ రకం కొట్టివేసింది. గుంపులు పెద్ద చెడ్డగా లేవు సుమండీ. అయినా ఒక్క టిక్కుతో కొట్టివేసింది.

మా తమ్ముడు కళ్లద్దాలు తీసి మచ్చ తుడుచుకున్నాడు. "ఇన్ని తెలుసుకుని మొదలుపెట్టింది అన్నయ్యా, ఇది" అన్నాడు. యాభై అయిదేళ్లు దాటాక ఆ సంగతి మీద మా మధ్య వచ్చిన మొదటి మాట అది. నేను, "తప్పు నాదేరా" అన్నాను. "తెలుసులే" అని నవ్వాడు.

మరి ఇంతా చేసి వచ్చేదేమిటని మా ఇంటావిడ అడిగింది. హైదరాబాదు పిల్ల ఈషా సింగు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి పతకం, జట్టులో బంగారం తెచ్చింది ఈ చిన్న తూటాతోనేనని చెప్పాను. 2024 పారిస్ ఒలింపిక్సులో కొల్హాపురం జిల్లా కుర్రవాడు స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిందీ దీనితోనే. ఆవిడ అదంతా విని, "కళ్లకు అద్దాలు పెట్టుకుంటుందా?" అని ఒక్కటే అడిగింది. పెట్టుకుంటుందన్నాను. చెవులకు కూడానని చెప్పాను.

గొట్టానికి నచ్చిన లాటు తేలింది. అన్నీ అదే నంబరువి కొనమన్నాను. రాయచూరు ఎండల్లో సెలవులకు వచ్చేటప్పుడు మాత్రం ఒక్కటి కూడా వెంట తేవద్దనీ, కారులో ఉడికితే మైనం కరిగి దుమ్ము పడుతుందనీ ఆమె పాఠమే ఆమెకు అప్పగించాను. డబ్బులో సగం మా తమ్ముడు వేశాడు.