నీళ్లు కదలాలె

2024 సెప్టెంబర్ 1, తెల్లవారుజాము. కోదాడ అంతా వాన. ఊరి నిండా నీళ్లే, మా హాల్లో రెండడుగుల గాజు తొట్టిలో అయిదు గోల్డ్‌ఫిష్‌లకి మాత్రం ఊపిరాడటం లేదు. పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కరెంటు పోయి ఆరు గంటలైంది.

ఇన్వర్టర్ ఉంది. వైరింగ్ చేయించినప్పుడు ఫ్యాన్లకీ లైట్లకీ లైను లాగించాం, అక్వేరియం ప్లగ్గు ఎవరికీ గుర్తు రాలేదు. ఎయిర్ పంపు తినేది అయిదు వాట్లు, ఫ్యాను తినేదాంట్లో పదో వంతు కూడా కాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతికేసరికి బ్యాటరీ కూడా అయిపోయింది.

కొర్రమీనైతే బయటి గాలి పీల్చి బతికేది. మన రాష్ట్ర చేపకి ఆ విద్య వచ్చు. గోల్డ్‌ఫిష్‌కి నీళ్లలో కలిసిన ఆక్సిజనే దిక్కు.

నానమ్మ లేచొచ్చింది. "ఏందిరా, పండలే?" చెప్పాను. వంటింట్లోంచి చెంబు తెచ్చి, తొట్టిలో నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోయడం మొదలుపెట్టింది, పాలు తిరగబోసినట్టు.

"నీళ్లు కదలాలె బిడ్డా."

పంపు చేసే పనీ అదే. బుడగల్లోంచి కన్నా, అవి కదిలించే పైపొరలోనే గాలి ఎక్కువ కలుస్తుంది.

తెల్లారిందాకా వంతులేసుకుని పోశాం. మూడు బతికాయి.

తర్వాత సూర్యాపేటలో బ్యాటరీ పంపు కొన్నా. కరెంటు పోగానే దానంతటదే మొదలవుతుంది. మిర్యాలగూడలో అక్కకీ ఒకటి పంపా.

ఆ ఆరు గంటలూ ఇన్వర్టర్ మీద తిరిగిన ఫ్యాను కింద హాయిగా పడుకున్నది నేనే. ఆ మాట నానమ్మకి ఇంకా చెప్పలేదు.