కామా చేసిన ఉపకారం

వ్యాకరణం బోధించే మాకు విరామ చిహ్నాలపై మమకారం ఉండడం సహజమే. కాని ఒక్క కామా లేనందువల్ల టెలిఫోను తీగ మూగవోవడం, అది పెట్టిన మరుక్షణం పలకడం మేము కళ్ళారా చూశాం. ఆ వైనం మన విద్యార్థులకు విన్నవించదలచాం.

నేటి పిల్లలు ఎరుగరు గాని, ఆనాడు మన పట్టణాలలో ఇంటర్నెట్ అంటే టెలిఫోను తీగే. కంప్యూటరుకు మోడెమ్ అనే చిన్న పెట్టె తగిలిస్తే, అది తనంతట తానే నంబరు తిప్పేది. దానికి ఆజ్ఞలిచ్చే భాష 1981లో అమెరికాలోని హేస్ సంస్థ మోడెమ్‌తో వచ్చింది. ‘ఏటీ’ అంటే అటెన్షన్, మన ఎన్.సి.సి. వారి ‘సావధాన్’ అన్నమాట! ‘డీ’ అంటే డయల్ చెయ్యి. పిదప ‘టీ’ అంటే స్వరంతో, ‘పీ’ అంటే పల్సుతో. పల్సు పద్ధతిలో తొమ్మిదికి తొమ్మిదిసార్లు, సున్నకు పదిసార్లు తీగ తెగి కలుస్తుంది. పాత ఎక్స్ఛేంజీలకు ఆ టిక్కుటిక్కులే తెలుసు. వాటికి స్వరం వినిపించడం చెవిటివాని ముందు శంఖం ఊదడమే. ఇక కామా అంటే, రెండు సెకన్లు ఆగు అని.

2003లో మా పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాడు బోధన్‌లో ఒక ఇంటర్నెట్ దుకాణం ముందు నిలుచున్నాం. 1937లో వెలసి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం అప్పటికింకా నడుస్తూనే ఉంది. కార్మికుల పిల్లలు, బీడీలు చుట్టే తల్లులు హాల్‌టికెట్లు పట్టుకుని బారులు తీరారు. దుకాణానికి సొంత తీగ లేదు. కింది లాడ్జి స్విచ్‌బోర్డు నుండి తెచ్చుకున్నారు. బయటి తీగ కావాలంటే ముందు సున్న నొక్కి, డయల్ టోన్ వచ్చేదాకా ఆగాలి. మనిషైతే విని ఆగుతాడు. ఆనాడే కొత్తగా బిగించిన మోడెమ్ సున్నను, 172తో మొదలయ్యే ఇంటర్నెట్ నంబరును ఒకే ఊపిరిలో తిప్పేది. స్విచ్‌బోర్డు మొదటి అంకెలను మింగేసేది. గంట గడిచింది.

"ఆకు ఎండిపోతది బిడ్డా, జర జల్ది చూడు. పిల్ల తప్పితే రేపటి సంది నాతోని చాట పట్టాల్సిందే" అన్నదొక తల్లి. పక్కనున్న కూతురు తలెత్తలేదు.

పొరుగున పీసీఓ నడిపే చాచా వచ్చి, మోడెమ్ చేసే చప్పుడు కాసేపు చెవియొగ్గి విన్నాడు. "సున్న కొట్టినంక దాన్ని జర దమ్ము తీసుకోనియ్యి బేటా" అన్నాడు. దుకాణం కుర్రవాడు సున్న తర్వాత రెండు కామాలు పెట్టాడు. నాలుగు సెకన్ల నిశ్శబ్దం. తర్వాత అంకెలు, ఆపై మోడెమ్ కీచుధ్వని. మాకది షెహనాయిలా వినిపించింది.

కూతురు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. తల్లి "పాసేనా?" అని రెండుసార్లు అడిగి, కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, ఆకు ఆరకముందే కార్ఖానాకు వెళ్ళిపోయింది.