బీదర్ ప్లాన్

నా ఫోన్ నోట్స్‌లో 'బీదర్' అని ఒక ఫైలుంది. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. వెళ్లడం మాత్రం కాలేదు. దూరం సమస్యే కాదు. హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లకి అటూ ఇటూ. పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ దాకా ముంబై హైవే, అక్కడ కుడివైపు తిరిగితే కాసేపట్లో బీదర్. చీకటితో బయల్దేరితే టిఫిన్ టైముకి చేరిపోవచ్చు. ప్లాన్‌లో ఇద్దరం ఉన్నాం. నేనూ, నాన్నా. నాన్నకి చాలా నెలలు ఈ సంగతే చెప్పలేదు.

చూడాలనుకున్నది హాక్ విమానాలని. ఫైటర్ పైలట్లు కాబోయేవాళ్లు 2008 నుంచి బీదర్ స్థావరంలో వీటి మీద నేర్చుకుంటున్నారు. వైమానిక దళం విన్యాసాల జట్టు సూర్యకిరణ్ ఉండేది కూడా అక్కడే. 1996లో మొదలైన ఆ జట్టు 2011 దాకా మన దేశంలో తయారైన కిరణ్ విమానాలతో ఎగిరింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆగి, హాక్‌లతో తిరిగొచ్చింది. కిరణ్‌కి మొద్దు ముక్కు, లోపల ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, స్కూటర్ మీద కాకుండా ఆటోలో కూర్చున్నట్టు. హాక్‌లో ఒకరి వెనక ఒకరు. అందుకే దాని ముక్కు అంత సన్నగా ఉంటుంది. ఇలాంటివి తెలిసినందువల్ల జీవితంలో నాకు ఒక్క ఉపయోగమూ కలగలేదు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర చెప్తే జనం మర్యాదగా ఫోన్లు తీస్తారు.

ప్లాన్ వేయడం మొదలుపెడితే ఒక్కొక్క చిక్కూ బయటపడింది. మొదటిది రోజు. శిక్షణ విమానాలకి ఆఫీసు రోజులే పని రోజులు, అంటే ఆదివారం వెళ్తే ఆకాశం తప్ప ఏమీ కనపడదు. సెలవు పెట్టాలి. రెండోది కాలం. వానాకాలం మబ్బు, చలికాలం పొద్దున్నే మంచు, పైగా షోల సీజన్‌లో సూర్యకిరణ్ జట్టు ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఉంటుంది. వాళ్ల ప్రాక్టీస్ ఎప్పుడో ఎవరూ ముందుగా చెప్పరు, చెప్పకూడదు కూడా. మామూలు విమానాలని చూపించే యాప్‌లో ఇవి చాలావరకు కనపడవు. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, ఎందుకంటే విమానం గాలికి ఎదురుగా లేస్తుంది. సూర్యుడు మన వీపు వైపు ఉండాలి, లేకపోతే కనిపించేది నల్లటి నీడే.

మూడోది చట్టం. వైమానిక స్థావరం గోడ పక్కన పెద్ద లెన్స్‌తో నిలబడే సరదా మన దేశంలో కుదరదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద అది నిషిద్ధ ప్రదేశం. ఇంగ్లండ్‌లో కొన్ని స్థావరాల కంచె బయట జనం మడత కుర్చీలేసుకుని, ఫ్లాస్కులో టీ పెట్టుకుని, తోక మీది నంబర్లు పుస్తకంలో రాసుకుంటారు. ఆ అలవాటునే 2001 నవంబర్‌లో గ్రీస్‌లోని కలమాటాకి తీసుకెళ్లారు కొందరు. పన్నెండు మంది బ్రిటిష్ వాళ్లు, ఇద్దరు డచ్ వాళ్లు. గూఢచర్యం అని అరెస్టు చేశారు. మరుసటి ఏప్రిల్‌లో శిక్ష పడింది, నవంబర్‌లో అప్పీలు కోర్టు అందరినీ వదిలేసింది. ఏ లాభమూ లేకుండా నంబర్లు ఎందుకు రాసుకుంటారన్నది అక్కడివాళ్లకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అది న్యాయమైన అనుమానమే. మా అమ్మకీ అదే అనుమానం.

కాబట్టి ప్లాన్‌లో కెమెరా కొట్టేశాను. పుస్తకం కొట్టేశాను. స్థావరం చుట్టుపక్కలకి వెళ్లడమూ కొట్టేశాను. మిగిలింది బీదర్ కోట. టూరిస్టులు తిరిగే చోటు, పైన ఆకాశం అందరిదీ. బురుజుల మీద బహమనీల కాలం తర్వాతి పెద్ద పెద్ద ఫిరంగులున్నాయి. వాటి పక్కన ఎన్ని ఫోటోలైనా దిగొచ్చు. ఆయుధానికి తుప్పు పడితే చాలు, సెల్ఫీ పాయింట్ అయిపోతుంది.

ఇక నాన్న సంగతి. 2010 మార్చి 3న మేం బోయిన్‌పల్లిలో మా ఇంటి డాబా మీద ఉన్నాం. బేగంపేటలో విమానాల ప్రదర్శన. నేను ఆరో తరగతి, జ్వరమని అబద్ధం చెప్పి స్కూలు ఎగ్గొట్టాను, నాన్నకి తెలిసే. నాకు ఆకాశంలో ఏది ఏదో నేర్పింది ఆయనే. నేవీ వాళ్ల సాగర్ పవన్ జట్టు, కిరణ్ విమానాలు. అందులో ఒకటి మళ్లీ పైకి లేవలేదు. మా దగ్గర్లోనే ఒక ఇంటి మీద పడింది. ఇద్దరు నేవీ అధికారులు చనిపోయారు. ఆ తర్వాత నాన్న డాబా మీదికి బట్టలు తీయడానికి తప్ప రాలేదు. నేను మాత్రం చాటుగా చూస్తూనే ఉన్నాను. 2019 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో, ఏరో ఇండియాకి ముందురోజు, సూర్యకిరణ్ హాక్‌లు రెండు గుద్దుకుని ఒక పైలట్ చనిపోయినప్పుడు టీవీలో ఆ వార్త వస్తుంటే నాన్న లేచి బయటికెళ్లిపోయాడు. బీదర్ నుంచి వెళ్లిన విమానాలవి.

మొన్న ఆదివారం చెప్పేశాను.

"బీదర్ పోదాం నాన్నా."

"బీదర్ల ఏమున్నది? ఝరణి నరసింహస్వామికి ఏమన్న మొక్కుకున్నవా? గా గుహల నీళ్లల్ల నడువాలె, నా మోకాళ్లకు అయితదా?"

"గుడికి కాదు. విమానాలు చూడ్డానికి."

టీవీ సౌండ్ తగ్గించాడు. రిమోట్ పక్కన పెట్టలేదు.

"ఫోటోలు గీటోలు తీస్తవా?"

"తీయను. కెమెరానే తేను."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిట్టకపోవడమే ఎక్కువ అనుకున్నాను.

"ఆ దినం కిందికి ఎన్ని పోయినయో నేను లెక్కవెట్టిన," అన్నాడు. "పైకి ఒకటి తక్కువొచ్చింది. గది ఇంకో దిక్కుకెల్లి వస్తది, జూడు, అని నీకు జెప్పిన. పొగ లేస్తే గూడ షోల భాగమే అన్న. నువ్వు చప్పట్లు కొట్టినవ్ బిడ్డా."

నాకు ఆ చప్పట్లు గుర్తులేవు. పొగ గుర్తుంది, కింద వీధిలో ఎవరో పరిగెత్తడం గుర్తుంది, నాన్న నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు దింపడం గుర్తుంది. పదిహేనేళ్లుగా ఆయన నా చప్పట్లు వింటున్నాడన్నమాట. కొట్టలేదని అనబోయాను. ఏమో, కొట్టే ఉంటాను. పదకొండేళ్ల పిల్లని, నాన్న వస్తుందన్నాడు.

ఫోన్ తీసి ఫైలు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, ఇంటి కరెంటు బిల్లు చదివినంత శ్రద్ధగా. గాలి దిక్కు దగ్గర ఆగి, "గిది కరెక్టే రాసినవ్," అన్నాడు. మంగళవారం వద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు. బస్సు కన్నా రైలు నయమన్నాడు. చివర్లో 'సాయంత్రం 4: తిరుగు ప్రయాణం' అని ఉన్న చోట వేలు పెట్టాడు.

"గిది తీసెయ్. ఎన్ని పోయినయో అన్ని వాపసొచ్చేదాక కూసుందం."

తీసేశాను. ఇప్పుడు బురుజు పైకి మెట్లెన్ని ఉన్నాయో కనుక్కోవాలి, ఆయన మోకాళ్ల కోసం.