దారి చెప్పే మనిషి

మా ఇంట్లో ఇంజనీరింగ్ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. జూలూరుపాడు మండలంలో పత్తి, మిరప వేసుకుని బతికే కుటుంబం మాది. గురుకులంలో చదివి, 1978లో మొదలైన కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌లో మైనింగ్ సీటు తెచ్చుకున్నాను. ఊళ్లో ఎవరికి చెప్పినా ఒకటే మాట: "ఆడపిల్లవి, బొగ్గుబాయిలో నీకేం పని?"

1952 నాటి గనుల చట్టం కూడా అదే మాట అంది. ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి పెట్టకూడదని అందులో రాసి ఉండేది. నేను చదువుతుండగా, 2019 జనవరిలో కేంద్రం ఆ నిబంధనను సడలించింది. రాతపూర్వకంగా ఒప్పుకున్న ఆడవాళ్లను సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ స్థాయి పనులకు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు లోపలికి పంపవచ్చని చెప్పింది. ఆ కబురు విని హాస్టల్లో ఆడపిల్లలం ఎంత సంబరపడ్డామో!

2021లో చదువు అయిపోయింది. ఆ పంటకాలంలోనే మిరపతోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూత లోపల గుంపులుగా చేరి, కాయ కట్టకుండానే పూతంతా రాల్చేసింది. నాన్న మందు మీద మందు కొట్టాడు. తోట పోయింది, మందుల షాపులో అప్పు మిగిలింది. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఒకాయన అడ్వాన్సు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంట్లో నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు.

గనిలో పైకి ఎదగాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ పెట్టే పరీక్ష పాసై, సెకండ్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికి పట్టా ఒక్కటే చాలదు. గనిలో పనిచేసిన అనుభవం చూపించాలి. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు ఉండాలి. ఏది ముందు, ఏది వెనక, ఎవరిని అడగాలి, కాగితం ఎలా పెట్టాలి? మా క్లాసు మగపిల్లల్లో చాలామందికి తండ్రో మేనమామో సింగరేణిలోనే పని. అన్నం తింటూ వాళ్లు చెవిన వేసుకునే సంగతులు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. తెలివిలో తేడా ఏమీ లేదు. ఇంట్లో చెప్పేవాళ్లు ఉండటం, లేకపోవడమే తేడా.

చివరికి ఒక గనిలో అప్రెంటిస్‌గా చేర్చుకున్నారు. పైన ఆఫీసులో కూర్చోబెట్టి రిజిస్టర్లు రాయించారు. లోపలికి పంపమని అడిగితే "చూద్దాంలేమ్మా" అనేవారు. నాతో చేరిన అబ్బాయిలు క్యాప్ ల్యాంపులు పెట్టుకుని షిఫ్టుకు పోతుంటే నేను హాజరు పట్టీ నింపుతూ ఉండేదాన్ని. అప్రెంటిస్ గడువు ఏడాదే. అనుభవం లేకుండానే అది అయిపోతుందన్న బెంగతో ముద్ద దిగేది కాదు. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని.

ల్యాంప్ రూమ్‌లో పనిచేసే పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు పిలిచి, "రుద్రంపూర్‌ల మా పాత అండర్ మేనేజర్ సార్ ఉన్నడు. పోయి కలువు బిడ్డా" అన్నాడు.

వెళ్లాను. ఎవరికైనా ఒక మాట చెప్పమని ప్రాధేయపడ్డాను. సార్ తల అడ్డంగా ఊపారు. "నేనెవరికీ చెప్పనమ్మా. సిఫార్సుతో దిగినవాళ్లను లోపల ఎవరూ నమ్మరు. ముందు నీకేం వచ్చో చూపించు" అని సుద్దముక్క చేతిలో పెట్టి, వరండా గచ్చు మీద గని ప్లాను గీయమన్నారు. గాలి ఎక్కడ లోపలికి వస్తుంది, ఏ మలుపు తిరిగి ఎక్కడ బయటికి పోతుంది, ఈ గోడ పగిలితే ఏ చోట మీథేన్ చేరుతుంది అని ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగారు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుందని నేను గడగడా అప్పజెప్పాను. "మరి 1.25 శాతానికే కరెంటు ఎందుకు తీసేస్తారు?" అన్నారు. జవాబు నా నోటితో నేను చెప్పేదాకా లేవనివ్వలేదు.

ఇంకోరోజు చేతికర్రతో వాళ్లింటి గోడ కొట్టి వినమన్నారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది. సున్నం పెళ్లలేచిన చోట బోలుగా మోగింది. "కప్పు కింద నిలబడేముందు ఇట్లాగే కొట్టి వినాలి. ఈ రెండో చప్పుడు వినిపిస్తే మనుషుల్ని వెనక్కి పంపు. ఎవరు అరిచినా సరే" అన్నారు. పక్కనే అమ్మగారు మా ఇద్దరికీ టీ పోస్తూ నవ్వారు. సార్ నవ్వలేదు.

బాయిలోకి పంపమని నేను రాసిన అర్జీని కూడా ఆయనే చూశారు. బీద కుటుంబమనీ పంట పోయిందనీ నేను రాసుకున్న వాక్యాలన్నీ కొట్టేశారు. "నీ కష్టం కాగితంలో ఎందుకు? నీ అర్హత రాయి" అన్నారు. 2019 నోటిఫికేషన్‌ను ప్రస్తావించి, నా సమ్మతిపత్రం జతచేసి, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి రసీదు తీసుకోమన్నారు. రసీదు ఉన్న కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. రాశారు. నేను బాయి దిగాను. సర్టిఫికెట్ కూడా చేతికొచ్చింది. ఇప్పుడు రాష్ట్రం బయట ఒక భూగర్భ గనిలో పనిచేస్తున్నాను. నాన్న అప్పు తీరింది.

నాలాగే గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మా పాత ఖమ్మం జిల్లా చర్ల మండలం పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్‌ను, నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణను మనం గుర్తుపెట్టుకున్నాం. భువనగిరి గుట్ట మీద వాళ్లకు ఎక్కడం నేర్పిన శేఖర్ బాబు పేరు ఎంతమందికి తెలుసు? ఆ పిల్లలకు నేర్పే మనిషిని గురుకుల సొసైటీ వెతికి పెట్టింది. మాలాంటి మిగతా పిల్లలు అదృష్టం మీద ఆధారపడుతున్నారు. ఇది అన్యాయం.

కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరుల్లో రిటైరైన ఓవర్‌మెన్లకు, సర్దార్లకు, మేనేజర్లకు నాదొక మనవి. మీరు ముప్పై నలభై ఏళ్లు నేర్చుకున్నది మీతోనే ఆగిపోనివ్వకండి. జూలూరుపాడు, ఏన్కూరు, చండ్రుగొండ ఊళ్ల నుంచి చదువుకున్న పిల్లలు మీ దగ్గరికి వస్తే, వారానికి ఒక సాయంత్రం వాళ్లకివ్వండి. ఉద్యోగం ఇప్పించనక్కర్లేదు. వాళ్ల కాగితం చదివి, తప్పు ఎక్కడుందో చెప్పండి చాలు.