మూసీ ఒడ్డున చింతచెట్టు

మా లింగంపేట వాళ్లు పట్నం వెళ్లారంటే చాలావరకు ఆస్పత్రి పని మీదే. 2025 అక్టోబరులో మా సంఘంలోని ఒక పెద్దాయనను చూడటానికి నేనూ ఉస్మానియా ఆస్పత్రికి వెళ్లాను. కామారెడ్డిలో రైలెక్కి కాచిగూడలో దిగాను. రోగులను చూడనిచ్చే వేళ ఇంకా కాలేదన్నారు. ఆవరణలోని పాత చింతచెట్టు దగ్గర కూర్చున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నగరంలో దాదాపు 15,000 మంది చనిపోయారని చెబుతారు.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్నారు ఆయన. నగరంలో నది గట్లను ఎత్తు చేసి, వాటి వెంట విశాలమైన బాటలు, పూలతోటలు వేయాలని కూడా సూచించారు. అది సొగసు కోసమేనా? నది పక్కన తోట ఉంటే ఇళ్లు ఉండవు. వరద వస్తే మొక్కలు మునుగుతాయి గాని పిల్లలు మునగరు.

1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు వాడల స్థానంలో వెడల్పు రోడ్లు, గాలీ వెలుతురూ ఉన్న ఇళ్లు వచ్చాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఈ ఆస్పత్రి లేచాయి.

నయాపూల్ దాకా నడిచి చూశాను. హైకోర్టు గుమ్మటాలు ఇప్పటికీ అందంగానే ఉన్నాయి. కింద మాత్రం మురుగునీరు. ముక్కు మూసుకోకుండా నిలబడలేం. అంతకు కొద్ది రోజుల ముందే, 2025 సెప్టెంబరు చివరలో, ఇదే నది మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. ఒడ్డున ఉన్న బస్తీలవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకొని బయటపడ్డారు. నది తన చోటు మరచిపోలేదు. మరచిపోయింది మనమే.

వార్డులోకి వెళ్లగానే పెద్దాయన నా చేయి పట్టుకొని, “అయ్యగారూ, మన దిక్కు వాగులు తగ్గినయా?” అని అడిగారు. తన జబ్బు సంగతి తరువాతే చెప్పారు. ఆగస్టు చివరలో మా కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతకు రోడ్లు తెగి, పొలాల్లో ఇసుక మేట వేసిన సంగతి ఆయన కళ్లముందే ఉంది.

“తగ్గినయి” అన్నాను. తిరుగు రైలులో మాత్రం ఒకటే ఆలోచన. మన వాగుల పక్కన రేపటి పిల్లల కోసం కాస్త ఖాళీ చోటు, నాలుగు చింతచెట్లు మిగులుస్తున్నామా?