నడుమ ఋణం, బయట ధనం

గిటారు చేత్తో వాయించే వాద్యమే. ఈకాలపు కుర్రవాళ్లు మాత్రం కాలితో కూడా వాయిస్తారు. కాళ్ల ముందు సబ్బుపెట్టెలంత ఇనుపడబ్బాలు వరుసగా ఉంటాయి. ఒకటి తొక్కితే తీగ బొంగురుగా గర్జిస్తుంది. ఇంకొకటి తొక్కితే కొండల నడుమ కేకవేసినట్టు ప్రతిధ్వని వస్తుంది. వీటిని పెడల్స్ అంటారు. 1962లో అమెరికాలో బయటికొచ్చిన మాయెస్ట్రో ఫజ్‌టోన్‌తో ఈ సంతతి పెరగడం మొదలైంది. హోసూరులో మా అక్క కొడుకు దగ్గర ఐదున్నాయి. ఐదింటికీ కావలసింది తొమ్మిది వోల్టులే.

వోల్టులు ఒకటే గాని తిండి ఒకటి కాదు. మంచి తొమ్మిది వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియర్ గంటల సరుకుంటుంది. గర్జించే డబ్బా 5 మిల్లీ ఆంపియర్లు తింటే లెక్కకు వంద గంటలు వస్తుంది. ప్రతిధ్వనిచ్చే డిజిటల్ డబ్బా 60 తింటే ఎనిమిది గంటలు. నిజానికి అంత కూడా రాదు. పైగా చాలా పెడల్స్‌కు వేరే స్విచ్చుండదు. గిటారు తీగ గుచ్చడమే స్విచ్చు వేయడం. కచేరీ ముగించి తీగ పీకకుండా పడుకుంటే తెల్లవారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది.

వాడు పెళ్లిళ్లలో పాడే బృందంలో వాయిస్తాడు. రాత్రి వచ్చిన డబ్బులో కొంత పొద్దున బ్యాటరీల అంగడికి పోతుంది. "గోడలో కరెంటు పెట్టుకోని వీటికి ఎంతని పోసేది మామా?" అన్నాడు ఒకనాడు. రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి నేను. ట్రాన్సిస్టరు సెట్లకు బ్యాటరీ ఎలిమినేటర్లు ఎన్ని కట్టానో లెక్కలేదు. ఇది కూడా ఎలిమినేటరే గదా అనుకున్నాను.

వాడు ఇంట్లో ఇంటర్నెట్ పెట్టెకున్న అడాప్టరు తెచ్చాడు. తొమ్మిది వోల్టులే, పిన్ను కూడా సరిపోయింది. గుచ్చబోతుంటే ఆపి మీటరు పెట్టి చూపించాను. ఆ అడాప్టరుకు పిన్ను నడుమ ధనం, బయట ఋణం. మన ఇళ్లలో ఉండేవాటిలో ఎక్కువ భాగం ఇంతే. పెడల్స్‌లో చాలావాటికి సరిగ్గా తిరగేసి కావాలి: నడుమ ఋణం, బయట ధనం.

"అంటే నడుమ అప్పు, చుట్టూ సొమ్మా?" అని నవ్వాడు. వాడికి ధనమంటే డబ్బని, ఋణమంటే అప్పని మాత్రమే తెలుసు. తమిళనాట బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చింది. వాడు బడిలో చేరింది ఆ తర్వాతే. విద్యుత్తు పాఠం తమిళంలో చదివాడు. తెలుగు వాడికి మాటే గాని రాత కాదు.

ఎందుకిలా తిరగేశారో చెప్పాను. లోపల బ్యాటరీ ఉన్న పెట్టెలోకి గోడ కరెంటు వస్తే, బ్యాటరీ తనంతట తాను తప్పుకోవాలి. బ్యాటరీ ఋణాన్ని కలిపేదీ విడదీసేదీ గిటారు తీగ గుచ్చే చోటు. కాబట్టి అడాప్టరు గుచ్చినప్పుడు విడిపోవలసింది ధనం. ఆ సాకెట్టులో విడిపోయే రేకు బయటి చుట్టుకు ఉంటుంది. అందుకని ధనాన్ని బయట పెట్టారు.

సామాన్లు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్నాం. 230 వోల్టులను 12కు దించే ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు, మూడు కాళ్ల 7809, ఒక ఫ్యూజు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. నాలుగు డయోడ్లు దాటాక అది సెకనుకు 100 పొంగులవుతుంది. రేడియోలో ఆ పొంగు కొంచెం మిగిలినా చెవి సర్దుకుంటుంది. గర్జించే పెడల్‌లో అయితే అది కూడా గిటారుతో పాటు పెద్దదై తుమ్మెద రొదలాగా వినిపిస్తుంది. కెపాసిటరు ఆ పొంగుల్ని నింపితే, 7809 మిగిలిన ఎగుడుదిగుళ్లను చదును చేసి తొమ్మిది దగ్గర నిలబెడుతుంది.

నాలుగు డబ్బాలు దానికి ఒప్పుకున్నాయి. ఐదోది పాత పద్ధతిలో కట్టిన ఫజ్. మూత విప్పితే లోపల రెండు ఏసీ 128లు! జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. పాత రేడియోల్లో ఎన్నిసార్లు మార్చానో. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ నుంచి ఈ రకానికి నేల ధనం. తక్కినవాటికి నేల ఋణం. గిటారు తీగల పైతొడుగు అన్ని డబ్బాల నేలల్నీ కలుపుతుంది. ఐదింటికీ ఒకే కరెంటిస్తే ధనమూ ఋణమూ నేరుగా తగులుకుని షార్టవుతుంది.

"దీన్ని తీసేద్దామా?" అన్నాడు. నేను వద్దన్నాను. దాని నేల వేరు, అంతే. దానికొక చిన్న ట్రాన్స్‌ఫార్మరూ ఇంకో 7809ా విడిగా కట్టాం. వేరే బావి నీళ్లు తాగుతూ అది కూడా అదే వరుసలో కూర్చుంది. చెప్పొద్దూ, ఐదింటిలో వాడికి ఇష్టమైన గొంతు దానిదే. తమిళమూ కన్నడమూ చుట్టూ ఉండగా ఇంట్లో మనం మాట్లాడుకునే తెలుగు నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

పెట్టె మీద గుర్తులు రాయమన్నాడు. నువ్వే రాయమన్నాను. ధ త్వరగానే వచ్చింది. ఋ దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నాడు. వట్రసుడి కూడా రాని పిల్లవాడు అక్షరమాలలో అంత చుట్లున్న అక్షరాన్ని ముందు నేర్చాడు. బృందంలో తమిళ పిల్లలు, కన్నడ పిల్లలు ఆ బొమ్మ ఏమిటని అడుగుతున్నారట. ఇప్పుడు పెట్టెకు పేరు రాయాలంటున్నాడు. దానికి ఇంకా పద్నాలుగు అక్షరాలు కావాలి.